ఆరో వంతులోనే చేజారిన ఓడ: కావలి వేసవి శిబిరం నుంచి ఒక కేస్ స్టడీ

మే నెల రెండో వారంలో ఐదుగురు పిల్లలు నడుపుతున్న వ్యోమనౌక ఒకటి, వెంటపడుతున్న శత్రువుల చేతికి పోయింది. ఓడ అంటే కావలిలో ఒక తరగతి గది, ఐదు బల్లలు, గోడకు అంటించిన చార్టులు, స్టీలు గ్లాసులో 40 చింతగింజలు. శత్రువులంటే పక్క గదిలో ఉన్న ఇంకో నలుగురు పిల్లలు. కానీ ఆ గంటా పావులో ఆ పిల్లలు పడ్డ టెన్షన్ నిజం, చివర్లో కమాండర్ అమ్మాయి కళ్లలో తిరిగిన నీళ్లు నిజం. ఓడ ఎలా పోయిందనేదానికి ఆ రోజు అందరూ చెప్పిన కారణం ఒకటి, ఆ రోజు గదిలో రికార్డు చేసిన ఆడియో విన్నాక నాకు తెలిసిన కారణం ఇంకొకటి. అందుకే పూర్తిగా రాస్తున్నాను.

నేను ఫిజికల్ సైన్స్ టీచర్ని. నాలుగేళ్లుగా వేసవి సెలవుల్లో ఎనిమిది నుంచి పదో తరగతి పిల్లలకు ఈ ఆట పెడుతున్నాను. ఇక్కడి పిల్లలకు రాకెట్ కొత్త కాదు. శ్రీహరికోట 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, అంతకు ముందు మా నెల్లూరు జిల్లాలోదే, ఇప్పటికీ రాత్రిపూట ప్రయోగం ఉందంటే మిద్దెలెక్కి దక్షిణం వైపు చూస్తూ నిలబడతాం. 2024 డిసెంబర్ 30 రాత్రి 10 గంటలకు పీఎస్ఎల్వీ-సీ60 రాకెట్, అంతరిక్షంలో జతకట్టడం పరీక్షించే స్పేడెక్స్ జంట ఉపగ్రహాలను తీసుకుని లేచినప్పుడు మా పిల్లల్లో చాలామంది అట్టాగే చూశారు. ఆ జంటలో ఒకదాని పేరు చేజర్, రెండోదాని పేరు టార్గెట్. ఒక్కోటి 220 కిలోల బరువు. మా ఆటలోనూ అలాంటి జంటే, కాకపోతే మా టార్గెట్‌కు దొరకడం ఇష్టం లేదు, అంతే తేడా.

పిల్లల పేర్లు రాయను. చేసే పనిపేరుతోనే పిలుస్తాను. ఓడలో కమాండర్, పైలట్, దారి లెక్కలు చూసే అబ్బాయి, రేడియో అబ్బాయి, ఇంధనం అమ్మాయి. కమాండర్ పదో తరగతికి వెళ్తోంది, క్లాసులో ఫస్టు, గొంతు గట్టిది. పైలట్ తొమ్మిది, చేతివేగం ఎక్కువ. రేడియో అబ్బాయిది జువ్వలదిన్నె వైపు సముద్రం పక్క ఊరు, వాళ్ల నాన్న బోటు నడుపుతాడు. ఇంధనం అమ్మాయి ఎనిమిదో తరగతి, వాళ్లకు రొయ్యల చెరువులున్నాయి, జనరేటర్‌లో డీజిల్ ఎంత మిగిలిందో రాత్రి రెండింటికి లేచి చూసే ఇంట్లో పుట్టిన పిల్ల. ఈ వివరం ఇప్పుడే చెబుతున్నాను, ముందు ముందు అవసరపడుతుంది.

ఆట ఇలా ఉంటుంది. రెండు ఓడలూ 400 కిలోమీటర్ల ఎత్తులో ఒకే కక్ష్యలో తిరుగుతుంటాయి. ఆ ఎత్తులో వేగం సెకనుకు సుమారు 7.67 కిలోమీటర్లు, భూమిని ఒకసారి చుట్టడానికి 92 నిమిషాల పైచిలుకు. చేజర్, అంటే వెంటపడే ఓడ, 100 కిలోమీటర్లు వెనక ఉంటుంది. ఆట వంతులవారీగా నడుస్తుంది, ఒక వంతు అంటే ఓడలో 10 నిమిషాలు, గదిలో 6 నిమిషాలు. చింతగింజలే ఇంధనం, ఒక్కో గింజ సెకనుకు అర మీటరు వేగం మార్పు ఇస్తుంది, అంటే 6 గింజలు కాలిస్తే సెకనుకు 3 మీటర్లు. ప్రతి వంతు చివర్లో రెండు ఓడల మధ్య వెనకా ముందు దూరం ఎంతో లెక్కగట్టి చీటీ మీద రాసి రెండు గదుల్లోనూ ఇస్తాను. చేజర్ దగ్గర ఆయుధాలు ఉండవు. ఇది నిబంధనల కాగితంలో మొదటి లైన్లోనే ఉంది, కింద గీత కూడా గీశాను. ఓడను పట్టుకోవాలంటే పక్కకు వచ్చి జతకట్టాలి, వేరే దారి లేదు.

ముందు రోజు సాయంత్రం గ్రౌండులో ముగ్గుతో రెండు వలయాలు గీసి అసలు విషయం నేర్పాను. కక్ష్యలో పారిపోవాలంటే ముందుకు తోసుకోకూడదు. ముందుకు తోస్తే ఓడ పైకి లేస్తుంది, పై దారి పెద్దది, అక్కడ వేగమూ తక్కువ, కాబట్టి చుట్టు పూర్తయ్యేసరికి వెనకబడతాం. బ్రేకు వేస్తే కిందికి దిగుతాం, లోపలి దారి చిన్నది, వేగం ఎక్కువ, ముందుకు పోతాం. 10 కిలోమీటర్లు కింద తిరిగే ఓడ ఒక్క చుట్టులో సుమారు 94 కిలోమీటర్లు ముందుకు పోతుంది. పిల్లలు ముగ్గు మీద పరుగెత్తి చూశారు, నవ్వుకున్నారు, అర్థమైంది మేడమ్ అన్నారు. నిజంగానే అర్థమైంది, మర్నాడు పొద్దున అడిగితే ఐదుగురూ సరిగ్గానే చెప్పారు. 1965 జూన్‌లో అమెరికా వ్యోమనౌక జెమిని 4లో మెక్‌డివిట్ అనే పైలట్, తమను మోసుకొచ్చిన రాకెట్ పై అంచె దగ్గరికి వెళ్దామని దాని వైపే తోస్తే అది దగ్గర కాకుండా దూరమైపోయిందని, ఇంధనం దండగవుతోందని ఆ ప్రయత్నం మానేశారని కూడా చెప్పాను. శిక్షణ పొందిన పైలట్‌కే అది చేతి అలవాటుకు ఎదురు పని.

మొదటి వంతు

చీటీ వచ్చింది, చేజర్ 100 కిలోమీటర్ల వెనక. గదిలో మొదటి మాట పైలట్‌ది: "అక్కా, తోసేద్దాం." దారి లెక్కల అబ్బాయి బ్రేకు కదా వేయాల్సింది అని గొణిగాడు, ఆడియోలో సగం మాటే వినిపిస్తుంది. రేడియో అబ్బాయి అడ్డం వచ్చాడు: "బ్రేకేస్తే వాళ్లొచ్చి మన మీద పడరా?" వాడిని తప్పుపట్టలేను. వాళ్ల ఊరి పిల్లలు పెరిగిందే అలాంటి కథలు వింటూ. తమిళనాడు వైపు నుంచి సోనా బోట్లు అనే పెద్ద ఇంజన్ల మరబోట్లు మన నీళ్లలోకొచ్చి వలలు తెంచుకుపోతే వెంటపడటం, హార్స్‌పవర్ ఎక్కువున్న ఇంజను గెలవడం, ఇవన్నీ వాడికి ఇంట్లో మాటలు. సముద్రంలో పారిపోవాలంటే ఇంజను పెంచాలి. వాడికి అది వంట్లో ఉంది, ముగ్గు పాఠం నోట్‌బుక్కులో ఉంది.

కమాండర్ ఒక్క క్షణం ఆలోచించి ముందుకే తోయమంది. 6 గింజలు. 10 నిమిషాల తర్వాత నా చీటీ: 101.3 కిలోమీటర్లు. గదంతా ఒకటే అరుపు. దూరం పెరిగింది కదా మరి!

ఇది నేను పన్నిన ఉచ్చు కాదు, ప్రకృతి లెక్క. ముందుకు తోసిన మొదటి పది నిమిషాలూ ఓడ నిజంగానే ముందుకు పోతుంది, ఇంకా పెద్దగా పైకి లేవలేదు కాబట్టి. ఆ తర్వాత వెనక్కి జారడం మొదలవుతుంది, సుమారు 19వ నిమిషానికి మొదటి దూరానికే వస్తుంది, ఆపైన పడిపోవడమే. చేసింది తప్పని తెలిసేలోపు ఒప్పని ఒక చీటీ వచ్చేస్తుంది. చీటీలు వరసగా 99.6, 93.3, 82.8, 70.3. నాలుగో వంతుకు గదిలో అరుపులు పోయి గుసగుసలు మొదలయ్యాయి.

ఈలోగా పక్క గదిలో ఏం జరుగుతోందో చెప్పాలి. ఏమీ జరగడం లేదు. చేజర్ కెప్టెన్ ఎనిమిదో తరగతి అమ్మాయి, చీటీలో 101 చూసి ఆమె జట్టులో ఇద్దరు తోద్దాం తోద్దాం అంటుంటే చేతులు గ్లాసు మీద పెట్టి కూర్చుంది. "ఆగండబ్బా, వాళ్లే వస్తా ఉండారు మన దగ్గరికి." ఐదు వంతుల్లో ఒక్క గింజ ఖర్చు పెట్టలేదు. శత్రువు వెంటపడి పట్టుకుందని మా వాళ్లు ఇప్పటికీ అంటారు, కానీ లెక్క ప్రకారం ఓడే వెనక్కి జారుతూ వాళ్ల చేతుల్లోకి పోతోంది.

ఆరో వంతు మొదట్లో కమాండర్ మళ్లీ ముందుకే తోయమంది. ఇంకో 6 గింజలు. ఆడియోలో ఈ నిర్ణయానికి పట్టిన సమయం పదకొండు సెకన్లు. ఎవరూ బ్రేకు మాట ఎత్తలేదు, మొదటి వంతులో గొణిగిన అబ్బాయి కూడా.

వాల్వ్ చీటీ

ప్రతి ఆటలోనూ ఒక పాడైన భాగం చీటీ పెడతాను. ఈసారి అది: ఓడను తిప్పే చిన్న ఇంజన్లు, థ్రస్టర్లు అంటారు, వాటిలో ఒకదాని వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోవడం. రెండో తోపు అయిన వెంటనే దాన్ని అమల్లో పెట్టాను, ఎందుకంటే వాల్వులు వాడినప్పుడే ఇరుక్కుంటాయి. దాని గుర్తులు మూడు చోట్ల కనిపిస్తాయి. ఓడ ఒక పక్కకే మెల్లగా తిరగడం మొదలుపెడుతుంది, ఇది పైలట్ చీటీలో వస్తుంది. ఇంధనం వంతుకు 2 గింజలు దానంతట అదే తగ్గుతుంది, ఇది ఇంధనం అమ్మాయి గ్లాసులో నుంచి నేను తీసేస్తాను. యాంటెనా భూమివైపు నిలవదు, కాబట్టి రేడియోకు వంతు విడిచి వంతు మాత్రమే మాటలు అందుతాయి. మూడూ కలిపి చూస్తే కారణం ఒకటేనని తెలుస్తుంది. విరుగుడు కూడా నిబంధనల్లో ఉంది: థ్రస్టర్ల వరసకు ఇంధనం పంపే పెద్ద వాల్వ్ మూసేయమని చెబితే చాలు, తిరుగుడు ఆగిపోతుంది, మిగిలిన వరసతో నడుపుకోవచ్చు.

పైలట్ చీటీ చదివి పెద్దగా అన్న మాట: "కొట్టారు! మనల్ని కొట్టారు!"

చేజర్‌కు ఆయుధాలు లేవని అందరికీ తెలుసు. అప్పటికి వాళ్లు ఇంకా 60 కిలోమీటర్ల దూరంలో ఉన్నారు. అయినా ఆ మాటను గదిలో ఎవరూ ఎదిరించలేదు, ఆ తర్వాత ఐదు వంతులూ ఆ మాట మీదే ఓడ నడిచింది. వాళ్లు లేజరేదో వాడుతున్నారని రేడియో అబ్బాయి, కాదు సిగ్నల్ పంపి మన కంప్యూటర్ లాక్కున్నారని దారి లెక్కల అబ్బాయి. కమాండర్ పైలట్‌ను తిరుగుడుకు ఎదురు తోపు ఇవ్వమంది. 3 గింజలు. ఇరుక్కున్న వాల్వ్ అటు తోస్తూనే ఉంది, పైలట్ ఇటు తోస్తున్నాడు, రెండు వైపులా ఇంధనమే కాలుతోంది.

నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనీయని భాగం ఇదే. ఇంధనం అమ్మాయి చూసింది. ఆరో వంతులోనే చూసింది. ఆమె కాగితం నా దగ్గరుంది, పెన్సిల్‌తో గీతలు కొట్టి లెక్క రాసుకుంది, 28 ఉండాల్సిన చోట 26 అని రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టింది. ఆడియోలో ఆమె గొంతు నాలుగు సార్లు వినిపిస్తుంది. మొదటిసారి: "అక్కా, మనం వాడకుండానే ఆయిలు తగ్గతా ఉండాది." రెండోసారి అక్కా అని మాత్రమే, ఆ వెనకే పైలట్ అరుపు. మూడోసారి మళ్లీ మొత్తం వాక్యం, ఏడో వంతులో. నాలుగోసారి కమాండర్ "ఉండు, ముందు వాళ్ల సంగతి చూద్దాం" అంటుంది. ఆ తర్వాత ఆమె మాట్లాడలేదు, రాసుకుంటూ పోయింది. 21, 16, 10, 4. తొమ్మిదో వంతు దగ్గర కాగితం మూల "ఎక్కడో కారుతోంది" అని చిన్నక్షరాల్లో ఉంది. ఓడలో జబ్బు ఏమిటో తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆ విషయం కాగితం మూల రాసుకుని కూర్చుంది.

ఎందుకు వినపడలేదనేదానికి సగం కారణం నేను. గదిలో కమాండర్ బల్ల బోర్డు దగ్గర, ఇంధనం బల్ల వెనక కిటికీ పక్కన, సరిగ్గా చప్పుడు చేసే పాత ఫ్యాను కింద. గింజలు జరపడానికి నాకు తలుపు దగ్గరగా ఉంటుందని అక్కడ వేశాను. పైలట్, రేడియో ఇద్దరూ కమాండర్‌కు చెరో పక్క. అంటే శత్రువు గురించిన సమాచారమంతా కమాండర్ చెవి పక్కన, సొంత ఓడ గురించిన సమాచారం గది చివర. పిల్ల సిగ్గరి అని తేల్చేయడం సులువు. నేను కూర్చోబెట్టిన చోట ఎవరున్నా వినపడేది కాదు.

తిరుగుడు పెరిగాక పైలట్ కళ్లకు గుడ్డ కట్టి పనిచేయాలని నిబంధన. ఎనిమిదో వంతులో కట్టాం. ఆపైన వాడు గింజలు లెక్క చూసుకోకుండా తోయడం మొదలుపెట్టాడు. చీటీలు 42, 32, 21, 9. పదో వంతులో కమాండర్ మొదటిసారి శత్రువు గురించి కాకుండా ఇంకో ప్రశ్న అడిగింది, ఇంధనం ఎంతుందని. నాలుగు అని జవాబు వచ్చింది. గదిలో ఒక్కసారిగా నిశ్శబ్దం, ఆ ఫ్యాను చప్పుడు తప్ప ఆడియోలో ఏమీ లేదు. పదకొండో వంతుకు గ్లాసు ఖాళీ. చేజర్ వాళ్లు అప్పుడు గానీ గింజలు తీయలేదు, పైకి లేచి ఓడతో సమానం కావడానికి 12, అంటే మా వాళ్లు ముందుకు తోసుకోవడానికి వాడిన అవే సెకనుకు 6 మీటర్లు. తిరుగుతున్న ఓడకు జతకట్టడం కష్టం కాబట్టి పక్కనే ఆగి ఓడను అప్పగించమని రేడియోలో అడిగారు. ఆ వంతు రేడియో పనిచేయని వంతు. వాళ్లు అడిగింది కూడా మా వాళ్లకు వినపడలేదు.

పన్నెండో వంతులో చేజర్ పిల్లలు గది తలుపు తోసుకుని వచ్చి ఓడ మాది అని కేకలు పెట్టారు. అది ఆపాల్సింది నేను, ఆపలేదు. కమాండర్ మర్యాదగా లేచి నిలబడింది గానీ కళ్లు నిండిపోయాయి. మర్నాడు వాళ్లమ్మ ఫోన్ చేశారు, పిల్ల రాత్రి అన్నం సరిగ్గా తినలేదు, ఏమైంది మేడమ్ అని. తప్పు నాదని చెప్పాను, ఆట ముగించే పద్ధతి మారుస్తానని మాట ఇచ్చాను. ఇప్పుడు చివరి వంతు అవగానే ఇరు జట్లనూ ఎవరి గదుల్లో వాళ్లను ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, ఆ తర్వాతే కలుపుతున్నాను.

తర్వాత కూర్చుని మాట్లాడుకున్నది

రెండు రోజులాగి ఐదుగురినీ చాప మీద కూర్చోబెట్టాను. నాకో అలవాటుంది, ఆటలో ఎవరు తక్కువ మాట్లాడారో వాళ్లతో మొదలుపెడతాను. ఇంధనం అమ్మాయిని కాగితం చదవమన్నాను, వేరే వివరణ వద్దన్నాను. 28 ఉండాల, 26 ఉంది, అని చదువుతుంటే పైలట్ తల పట్టుకున్నాడు. తర్వాత వాల్వ్ చీటీ చూపించాను. కమాండర్ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి అంది, "వాళ్లేం చేయలేదా మేడమ్ అయితే?" వాళ్లు పది వంతుల పాటు గ్లాసు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారని చెప్పాను.

అప్పుడు జెమిని 8 కథ చెప్పాను, కావాలనే ముందు చెప్పకుండా దాచుకున్నాను. 1966 మార్చి 16. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, డేవిడ్ స్కాట్ తమ నౌకను ఎజీనా అనే మానవరహిత నౌకకు జతకట్టారు, అంతరిక్షంలో అదే మొట్టమొదటి జతకట్టడం. కాసేపటికి జంట తిరగడం మొదలైంది. ఎజీనా మీద ముందు నుంచే అనుమానం ఉంది, అది గనక మొరాయిస్తే వదిలించుకోమని భూమి నుంచి చెప్పారు కూడా. కాబట్టి తప్పు ఎజీనాదే అనుకున్నారు, విడిపోయారు. విడిపోగానే తిరుగుడు ఇంకా పెరిగి సెకనుకు ఒక చుట్టు దాకా పోయింది, ఎందుకంటే తెరుచుకుని ఇరుక్కున్న థ్రస్టర్ వాళ్ల సొంత నౌకలోదే. చూపు మసకబారుతుంటే ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ థ్రస్టర్ల వ్యవస్థ మొత్తాన్ని ఆపేసి, భూమికి దిగేటప్పుడు వాడాల్సిన వేరే థ్రస్టర్లతో నౌకను నిలబెట్టారు. వాటి ఇంధనంలో సుమారు 75 శాతం అయిపోయింది, ప్రయాణం అర్ధాంతరంగా ముగించి పసిఫిక్‌లో దిగాల్సి వచ్చింది. మీరు పడ్డ గుంటలోనే వాళ్లూ పడ్డారు అన్నప్పుడు పైలట్ ముఖంలో కళ వచ్చింది.

ఇది పాతకాలం సంగతి కాదు కూడా. 2021 జూలై 29న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి నౌకా అనే రష్యా మాడ్యూల్ జతకట్టిన కొన్ని గంటల్లో, దాని థ్రస్టర్లు ఎవరూ చెప్పకుండా మండాయి, కేంద్రం మొత్తం సుమారు 540 డిగ్రీలు తిరిగిపోయింది. వేరే థ్రస్టర్లతో ఎదురు తోసి నిలబెట్టారు. అక్కడ శత్రువు లేడు, వెంటపడేవాడు లేడు, అందుకే చూపు నేరుగా పరికరాల మీదికి పోయింది. వెంటపడేవాళ్లు ఉన్నప్పుడు ప్రతి కుదుపునూ వాళ్లే చేశారనిపిస్తుంది. మా పిల్లల ఓడలో జరిగింది సరిగ్గా అదే. అందుకే ఈ కేసు పేరులో ఆరో వంతు అని పెట్టాను. పన్నెండో వంతులో చేజర్ వచ్చి తీసుకుంది అప్పటికే ఎవరి చేతిలోనూ లేని ఓడను.

ఆ రోజు రేడియో అబ్బాయి వాళ్ల నాన్న వచ్చి ఉన్నాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా, బోట్లన్నీ ఒడ్డున ఉంటాయి, ఆయన పిల్లవాడిని బండి మీద దింపి అక్కడే వేపచెట్టు కింద కూర్చునేవాడు. లోపలికి పిలిచాను. అంతా విని ఆయన అన్నది: "బోటు ఒక పక్కకే లాగుతుంటే మేం ముందు మన బోటులో ఏమైందో చూస్తాం మేడమ్. కింద నీళ్లలో తిరిగే ఫ్యానుకు వల చుట్టుకుందా, చుక్కాని బిగుసుకుందా. వెనక ఎవుడున్నా సరే. బోటు నడిపే సరంగు వెనక్కి తిరిగి చూడడు, వెనక చూసి చెప్పేదానికి ఇంకో మనిషి ఉంటాడు." కొడుకు వైపు తిరిగి, ఏరా, నీకు తెలీదా అన్నాడు. తెలుసు నాయనా అన్నాడు వాడు, నేల చూస్తూ. వాడికి తెలిసిన దాంట్లో ఇంజను పెంచడం ఒక్కటే ఆ రోజు బయటికొచ్చింది, ఇది రాలేదు.

రెండో ఆట

పది రోజుల తర్వాత అదే ఐదుగురు, అవే పనులు. నేను మార్చినవి మూడే. ఇంధనం బల్లను కమాండర్ పక్కకు తెచ్చాను, ఫ్యాను ఆపేసి కిటికీలు తెరిచాం. ప్రతి వంతు ఇంధనం అమ్మాయి మాటతో మొదలవ్వాలి, ఆమె అంకె చెబితే కమాండర్ ఆ అంకెను తిరిగి పలకాలి, పలికే దాకా వేరే ఎవరూ నోరు తెరవకూడదు. మూడోది రేడియో అబ్బాయి నాన్న మాట నుంచి తీసుకున్నది: చేజర్ దూరం చీటీ ఇకపై కమాండర్‌కు రాదు, దారి లెక్కల అబ్బాయికి మాత్రమే వస్తుంది, అడిగితేనే చెబుతాడు.

మొదటి వంతులో బ్రేకు వేశారు, 6 గింజలు. దూరం 98.7కి తగ్గింది. ముందు చెప్పిన లెక్కే, ఈసారి తలకిందులుగా, మొదటి పది నిమిషాలు తప్పు చేసినట్టు కనిపిస్తుంది. పైలట్ కుర్చీలో కదిలాడు గానీ కమాండర్ "ఆగు, ఇంకో వంతు చూద్దాం" అంది. తర్వాత 100.4, 106.7, 117. ఆ ఒక్క వంతు ఓర్చుకోవడమే ఆ ఆటలో నాకు బాగా నచ్చిన ఘట్టం. స్పేడెక్స్‌లో కూడా ఇస్రో వాళ్లు రెండు ఉపగ్రహాల మధ్య జారుడు అనుకున్న దానికంటే ఎక్కువుందని తెలిసి, దేశమంతా చూస్తున్నా ప్రయత్నం ఆపి తేదీ వాయిదా వేశారు, 2025 జనవరి 16న గానీ జతకట్టలేదు. ఆ సంగతి పిల్లలకు అప్పుడు గుర్తుందో లేదో.

వాల్వ్ చీటీ నాలుగో వంతులో పెట్టాను. ఇంధనం అమ్మాయి: "34 ఉండాల, 32 ఉండాది." కమాండర్: "32. వాడకుండా రెండు పోయినాయి." పైలట్ అప్పుడే తన చీటీ చదివాడు, ఓడ ఎడమకు తిరుగుతోందని. ఈసారి కొట్టారు అనే మాట రాలేదు. "కారతా ఉండాది" అన్నారు ఇద్దరు ఒకేసారి. పెద్ద వాల్వ్ మూయించారు, తిరుగుడు ఆపడానికి 2 గింజలు. మొత్తం నష్టం 4.

అయినా ఓడ పోయింది. చేజర్ కెప్టెన్ ఈసారి కూర్చోలేదు, మా వాళ్లు దిగడం చూసి ఇంకా కిందికి దిగడానికి ఒకేసారి 16 గింజలు కాల్చేసింది. కింది దారిలో గట్టిగా ముందుకొచ్చి పద్నాలుగో వంతుకు పక్కకొచ్చింది. మా వాళ్లు ఇంకో రెండుసార్లు ఎత్తు మార్చి చూశారు, కుదరలేదు, అన్నీ తెలిసినవాడు వెంటపడితే అంతే. కానీ అప్పటికి గ్లాసులో 20 గింజలున్నాయి, ఓడ నిలకడగా ఉంది, సౌరఫలకాలు సూర్యుడి వైపు, యాంటెనా భూమి వైపు. కమాండర్ రేడియో తీసుకుని స్పష్టంగా చెప్పింది, ఓడలో ఐదుగురం క్షేమం, ఇంధనం 20, ఎడమ వరస మూసి ఉంది, లోపలికి వచ్చేవాళ్లు దాన్ని తెరవొద్దు. పక్క గదిలో కెప్టెన్ అమ్మాయి ఆ సందేశాన్ని అంకెలతో సహా తిరిగి పలికింది, ఆమెకు ఎవరూ చెప్పకపోయినా. ఆ రాత్రి కమాండర్ ఇంటికి నేనే ఫోన్ చేశాను. అన్నం తిని, వాళ్ల తమ్ముడికి చింతగింజలతో బ్రేకు లెక్క చెబుతోందట.

ఈ ఆట పెట్టాలనుకునే టీచర్లకు ఒక్క విషయం చెప్పాలి. ఐదు బల్లలు వేసే ముందు ప్రతి బల్ల దగ్గరా కూర్చుని, మామూలు గొంతుతో కమాండర్‌ను పిలిచి చూడండి. నేను నాలుగేళ్లలో ఒక్కసారీ చేయలేదు. రెండోది, ఆడియో రికార్డు చేసే ముందు పిల్లల్నీ వాళ్ల ఇళ్లల్లోనూ అడగండి, విన్న తర్వాత చెరిపేయండి. నేను ఇది రాయడం పూర్తయ్యాక చెరిపేస్తున్నాను, ఇంధనం కాగితం మాత్రం ఆ పిల్లను అడిగి దాచుకున్నాను.

దసరా సెలవుల్లో మూడో ఆట ఉంది, ఈసారి పనులు మారుస్తాం. జూన్ 15న బోట్లు మళ్లీ వేటకు కదిలాయి, రేడియో అబ్బాయి నాన్నను సాగనంపడానికి రేవుకు వెళ్లి అక్కడి నుంచే ఫోన్ చేశాడు. వెనక ఇంజన్ల మోత, సగం మాటలు వినపడలేదు. రెండోసారి గట్టిగా చెప్పాడు: "మేడమ్, దసరాకు ఆయిలు లెక్క నేను చూస్తా."